తుపాను కంటే ముందు చేరాలి

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్టు తుపాను హెచ్చరికల యాప్. నలుగురం కలిసి ల్యాబ్‌లో వైట్‌బోర్డు మీద పెద్ద బొమ్మ గీశాం. ఎడమ వైపు వాతావరణ శాఖ డేటా, మధ్యలో మా సర్వర్, కుడి చివర యూజర్ ఫోన్. ఒక్కొక్కరం ఒక్కో రంగు మార్కర్ పట్టుకుని డబ్బాలు గీసి బాణాలు కలుపుకుంటూ పోయాం. చూడ్డానికి చాలా బాగుంది, ఫోటో కూడా తీసుకున్నాం. రివ్యూలో మా మేడమ్ బొమ్మంతా చూసి చివరి డబ్బా మీద వేలు పెట్టారు. కరెంటు పోయి, టవర్ పడిపోతే ఈ డబ్బాకి కబురు ఎలా వెళ్తుంది అని అడిగారు. ఒకవేళ వెళ్ళినా వాళ్ళు నమ్మకపోతే ఏం చేస్తారు అని కూడా అడిగారు. రెండింటికీ మా దగ్గర జవాబు లేదు.

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఈ సంగతి చెప్పా. అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తనకి పద్దెనిమిదేళ్ళు. తుపాను వస్తోందని రేడియోలో చెప్పారట. అంతకు ముందు కూడా అలా చాలాసార్లు చెప్పారట, అప్పుడు నాలుగు చినుకులు పడి ఊరుకుందట. అందుకే ఈసారి కూడా ఎవరూ కదల్లేదట. అక్కడి దాకా చెప్పి అమ్మమ్మ ఆపేసింది. ఆ తర్వాత జరిగింది తను ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. ఆ ఉప్పెనలో సుమారు పది వేల మంది పోయారని అందరికీ తెలిసిందే.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. అసలు తుపాను హెచ్చరిక అనే ఏర్పాటుని మొదట ఎవరు కట్టారు? వాళ్ళకి ఈ రెండు ప్రశ్నలు ఎదురయ్యాయా? వెతికితే దొరికిన పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. హైస్కూల్లో డార్విన్ గురించి చదివిన వాళ్ళకి బీగిల్ అనే ఓడ గుర్తుండే ఉంటుంది. ఆ ఓడ కెప్టెన్ ఈయనే. ఓడ ఎక్కినాయన గురించి ప్రపంచమంతా చదువుకుంది. ఓడ నడిపినాయన తర్వాత ఏమయ్యాడో నాకు మొన్నటిదాకా తెలీదు. అందుకే ఇది రాస్తున్నా.

ఫిట్జ్‌రాయ్ 1805 జులై 5న ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో పుట్టాడు. బాగా కలిగిన కుటుంబం. రెండో చార్లెస్ రాజు వంశం వాళ్ళది. తాతగారు గ్రాఫ్టన్ డ్యూక్ బ్రిటన్ ప్రధానమంత్రిగా కూడా చేశాడు. ఫిట్జ్‌రాయ్ పన్నెండేళ్ళకే పోర్ట్స్‌మత్‌లోని రాయల్ నేవల్ కాలేజీలో చేరాడు. తర్వాత లెఫ్టినెంట్ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు, ఆయనకి ముందు అలా ఎవరికీ రాలేదు. మన భాషలో చెప్పాలంటే యూనివర్సిటీ టాపర్.

ఇంత బాగా మొదలైన జీవితం మీద ఒక నీడ చిన్నప్పుడే పడింది. మేనమామ కాజిల్‌రే అప్పట్లో బ్రిటన్ విదేశాంగ మంత్రి. 1822లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఫిట్జ్‌రాయ్‌కి పదిహేడేళ్ళు. ఆరేళ్ళ తర్వాత, దక్షిణ అమెరికా కొసన చలి, వాన, పొగమంచు తప్ప ఏమీ లేని తీరంలో సర్వే చేస్తున్న బీగిల్ ఓడ కెప్టెన్ ప్రింగిల్ స్టోక్స్ ఒంటరితనం తట్టుకోలేక తనని తాను కాల్చుకున్నాడు. ఖాళీ అయిన ఆ సీట్లోకి నేవీ వాళ్ళు పంపించింది ఫిట్జ్‌రాయ్‌నే. 1828లో, ఇరవై మూడేళ్ళ వయసులో ఆయన ఒక ఓడకి కెప్టెన్ అయ్యాడు.

కెప్టెనయిన కొన్ని వారాలకే మొదటి పాఠం తగిలింది. 1829 జనవరి చివర్లో ప్లేట్ నది ముఖద్వారం దగ్గర, మాల్డొనాడో తీరంలో, పంపెరో అనే గాలి ఒక్కసారిగా కొట్టింది. ఆ మైదానాల మీదుగా వచ్చే ఈదురుగాలి అది. ఓడ దాదాపు పక్కకి ఒరిగిపోయింది. ఇద్దరు నావికులు పోయారు. గాలి రాకముందే బారోమీటర్ పడిపోయింది. అంటే పరికరం ముందే చెప్పింది, ఆయన దాని మాట వినలేదు. అక్కడి నుంచి చివరి దాకా ఆయన బారోమీటర్‌ని వదల్లేదు. ఈ చిన్న సంఘటన గుర్తు పెట్టుకోండి, తర్వాత జరిగినదంతా దీని కొనసాగింపే అనిపిస్తుంది నాకు.

ఆయన చేసిన తప్పు కూడా చెప్పాలి. అదే ప్రయాణంలో టియెర్రా డెల్ ఫ్యూగోలో స్థానికులు ఒక పడవ ఎత్తుకెళ్ళారని వాళ్ళ మనుషుల్ని బందీలుగా పట్టుకున్నాడు. చివరికి నలుగురిని ఇంగ్లండ్‌కి తీసుకుపోయాడు. చదువు, మతం నేర్పించి తిరిగి పంపిస్తే వాళ్ళ వాళ్ళకి మేలు జరుగుతుందని నమ్మాడు. వాళ్ళలో ఒకతను మశూచితో చనిపోయాడు. మిగతా ముగ్గురిని తర్వాత ప్రయాణంలో వెనక్కి దింపాడు కానీ ఆయన ఊహించినట్టు ఏమీ జరగలేదు. మంచి చేస్తున్నానని గట్టిగా నమ్మి, ఎదుటివాళ్ళని అడక్కుండా చేసిన పని ఇది.

రెండో ప్రయాణానికి ముందు ఆయనకి స్టోక్స్ గుర్తొచ్చాడు, మేనమామ గుర్తొచ్చాడు. కెప్టెన్ అంటే ఓడలో ఎవరితోనూ చనువుగా మాట్లాడకూడదు, భోజనం కూడా ఒంటరిగానే. ఏళ్ళ తరబడి అలా ఉంటే తనకీ అదే గతి పడుతుందేమోనని భయపడ్డాడు. అందుకే కలిసి భోంచేసి మాట్లాడుకోవడానికి చదువుకున్న మనిషి ఒకడు కావాలని అడిగాడు. అలా దొరికినవాడే ఇరవై రెండేళ్ళ చార్లెస్ డార్విన్. సైన్స్ చరిత్రలో అంత పెద్ద మలుపు ఒక మనిషికి తోడు కావాల్సి రావడం వల్ల వచ్చిందంటే వింతగా ఉంటుంది.

బీగిల్ 1831 డిసెంబరు 27న ప్లిమత్ నుంచి బయల్దేరి 1836 అక్టోబరు 2న తిరిగొచ్చింది. ఓడలో 22 క్రోనోమీటర్లు ఉన్నాయి. ఏ ప్రదేశం ఏ రేఖాంశం మీద ఉందో ఖచ్చితంగా తేల్చడానికి అవి కావాలి. గాలి బలాన్ని అంకెల్లో రాసే బోఫోర్ట్ స్కేలుని అధికారికంగా వాడిన మొదటి ప్రయాణం కూడా ఇదే. దాని వల్ల గాలి బాగా ఉంది, చాలా ఉంది అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాయడం పోయి, అందరూ ఒకే అంకెతో రాయడం మొదలైంది. డేటా ఫార్మాట్ ఒకటి లేకపోతే నలుగురి డేటా కలపలేమని మా ప్రాజెక్టులో మేం నేర్చుకున్నాం. వాళ్ళు అది ఓడ మీద నేర్చుకున్నారు.

ఫిట్జ్‌రాయ్‌కి కోపం చాలా ఎక్కువ. ఓడలో కుర్ర ఆఫీసర్లు ఆయనకి వేడి కాఫీ అని పేరు పెట్టుకున్నారు. పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఇవాళ కాఫీ ఎంత వేడిగా ఉందని చాటుగా అడిగేవాళ్ళట. బ్రెజిల్‌లో బానిసత్వం గురించి డార్విన్‌తో పెద్ద గొడవ పడి, తన గదిలో ఇక చోటు లేదన్నాడు. కొన్ని గంటలకే క్షమాపణ చెప్పి పంపించాడు. ఇద్దరూ మళ్ళీ ఒకే బల్ల మీద భోజనం చేశారు.

తిరిగొచ్చాక ఆయన గీసిన తీర పటాలకి మంచి పేరొచ్చింది. 1837లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. 1841లో డరమ్ నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. 1843లో న్యూజీలాండ్ గవర్నర్‌గా వెళ్ళాడు. అక్కడ భూమి కోసం గొడవల్లో మావోరీల మాటకి కూడా విలువ ఉందన్నాడు. వలస వచ్చిన తెల్లవాళ్ళకి అది నచ్చలేదు. ఖజానాలో డబ్బు లేదు, చేతిలో సైన్యం లేదు. రెండేళ్ళకే వెనక్కి పిలిచారు. నలభై ఏళ్ళకి ఆయన కథ దాదాపు అయిపోయిందనే అనుకోవాలి. నిజానికి అసలు పని అప్పటికింకా మొదలు కాలేదు.

1853లో బ్రస్సెల్స్‌లో సముద్ర వాతావరణం గురించి ఒక అంతర్జాతీయ సమావేశం జరిగింది. అమెరికా నేవీ ఆఫీసర్ మాథ్యూ మౌరీ దాని వెనక ఉన్నాడు. అన్ని దేశాల ఓడలూ గాలి, పీడనం, ఉష్ణోగ్రత ఒకే పద్ధతిలో రాసి పంచుకుందామన్నది ఆలోచన. దాని ఫలితంగా 1854లో బ్రిటన్ వాణిజ్య బోర్డులో ఒక చిన్న విభాగం పెట్టి ఫిట్జ్‌రాయ్‌కి అప్పగించారు. స్టాఫ్ ముగ్గురే. ఇవాళ బ్రిటన్ వాతావరణ శాఖ, అంటే మెట్ ఆఫీస్, అక్కడే పుట్టింది. అప్పటికి అది అంకెలు పోగేసే ఆఫీసు మాత్రమే, రేపటి గురించి చెప్పే ఆఫీసు కాదు.

ఆయన పద్ధతి ఇలా ఉండేది. సరిచూసిన బారోమీటర్లు, థర్మామీటర్లు ఓడ కెప్టెన్లకి అరువిచ్చేవాడు. వాళ్ళు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ లాగ్‌బుక్ నింపి తిరిగొచ్చాక ఆఫీసులో ఇవ్వాలి. ఆ లెక్కలన్నీ కలిపి ఆయన గాలి నక్షత్రాలు అనే బొమ్మలు గీయించాడు. సముద్రాన్ని గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడిలో ఒక నక్షత్రం. ఏ దిక్కు నుంచి గాలి ఎక్కువగా వీస్తుందో ఆ దిక్కున గీత పొడవుగా ఉంటుంది. అంకెల పట్టిక చదవడం రాని నావికుడికి కూడా చూడగానే అర్థమవుతుంది. డేటా ఇచ్చినవాళ్ళకే అది బొమ్మగా తిరిగెళ్ళేది. మనం ఇవాళ క్రౌడ్‌సోర్సింగ్, విజువలైజేషన్ అని రెండు పేపర్లుగా చదువుతున్నది ఆయన ఒకే పనిగా చేశాడు.

ఇంకో పని కూడా చేశాడు. చేపలు పట్టే పేద ఊళ్ళలో రేవు దగ్గర బారోమీటర్లు పెట్టించాడు. అది ఎలా చదవాలో తేలిక మాటల్లో చిన్న పుస్తకం రాశాడు. పడవ ఎక్కే ముందు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. పంపెరో రోజున తను చెయ్యని పని జాలర్ల చేత చేయించాలని అనుకున్నాడేమో.

1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఆవిరి ఓడ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్‌కి వస్తోంది. బంగారు గనుల్లో సంపాదించుకుని కుటుంబాలతో తిరిగొస్తున్న జనం అందులో ఉన్నారు. ఇంకొక్క రోజులో ఇల్లు. 25వ తేదీ రాత్రి పెను తుపాను మొదలై, తెల్లారేలోపు ఓడ వేల్స్‌లోని ఆంగిల్‌సీ తీరంలో రాళ్ళకి కొట్టుకుని విరిగిపోయింది. ఒడ్డు కనిపించేంత దగ్గర. సుమారు 450 మంది చనిపోయారు. ఆ ఒక్క తుపానులో బ్రిటన్ చుట్టూ 133 ఓడలు మునిగాయి, మొత్తం 800 మంది దాకా పోయారు.

ఫిట్జ్‌రాయ్ చేసిన పని ఇక్కడే మొదలవుతుంది. లైట్‌హౌస్‌లు, అబ్జర్వేటరీలు, ఆ రోజు సముద్రం మీద ఉన్న ఓడలు, ఇలా దొరికిన ప్రతి చోటి నుంచీ ఆ రెండు రోజుల రికార్డులు తెప్పించాడు. ఫలానా గంటకి మీ దగ్గర గాలి ఎటు నుంచి వీచింది, బారోమీటర్ ఎంత, వాన పడిందా, మంచు పడిందా? ఒకరు దక్షిణపు గాలి అన్నారు, ఇంకొకరు ఉత్తరపు గాలి అన్నారు. విడివిడిగా చదివితే ఒకదానికొకటి పొంతన లేదు. ఎవరి చోట వాళ్ళు చూసింది నిజమే. ఆయన వాటన్నిటినీ ఒక గంటకి ఒక పటం చొప్పున బ్రిటన్ మ్యాప్ మీద పెట్టాడు. అప్పుడు కనిపించింది. గాలి మొత్తం ఒక కేంద్రం చుట్టూ తిరుగుతోంది, ఆ తిరిగేదంతా కలిసి పటం మీద జరుగుతూ పోతోంది. అనేక చోట్ల ఒకే సమయంలో చూసినదాన్ని ఒకే కాగితం మీదకి తెచ్చే ఈ పటాలకి ఆయన సినాప్టిక్ చార్ట్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ పటాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. 25వ తేదీ మధ్యాహ్నానికే తుపాను నైరుతి మూలన డెవన్, కార్న్‌వాల్ తీరాన్ని కొట్టింది. ఆంగిల్‌సీ దగ్గర ఓడ పగిలింది ఆ రాత్రి గడిచాక. మధ్యలో గంటల కొద్దీ టైం ఉంది. అప్పటికే దేశమంతా టెలిగ్రాఫ్ తీగలు ఉన్నాయి. తుపాను ఎంత వేగంగా వచ్చినా కరెంటు అంత వేగంగా రాలేదు కదా! కార్న్‌వాల్‌లో చూసినవాడు చెప్పి ఉంటే లివర్‌పూల్‌లో వినేవాడికి చాలా ముందే తెలిసేది. చెప్పడానికి మనిషీ తీగా రెండూ ఉన్నాయి, ఎవరు ఎవరికి చెప్పాలన్న ఏర్పాటు ఒక్కటే లేదు.

ఆ ఏర్పాటుని ఆయన పటం మీదే ప్లాన్ చేశాడు. తుపాన్లు ఎటు నుంచి వస్తాయో చూసి, కబురు ముందుగా అందేలా తీరం వెంబడి 15 స్టేషన్లు ఎంచుకున్నాడు. రోజూ నిర్ణీత సమయానికి అక్కడి నుంచి టెలిగ్రాం రావాలి. పొద్దున పదింటికి లండన్‌లో ఆయన ఆఫీసుకి అంకెలు వచ్చేవి. పదకొండు కల్లా వాటిని చూసి నిర్ణయం తీసుకునేవాడు. ప్రమాదం ఉందనిపిస్తే ఏ రేవుకి చెప్పాలో ఆ రేవుకే టెలిగ్రాం వెళ్ళేది.

టెలిగ్రాం రేవు ఆఫీసు దాకా వెళ్తుంది. అక్కడి నుంచి పడవలో ఉన్నవాడికి? అదే మా మేడమ్ వేలు పెట్టిన చివరి డబ్బా. దానికి ఆయన చెప్పిన జవాబు నల్ల కాన్వాస్ గుడ్డ. మూడడుగుల కోన్ ఒకటి, డ్రమ్ము ఆకారం ఒకటి చేయించి, ఎత్తయిన స్తంభానికి ఎగరెయ్యమన్నాడు. కోన్ మొన పైకి ఉంటే ఉత్తరం వైపు నుంచి పెనుగాలి. మొన కిందికి ఉంటే దక్షిణం వైపు నుంచి. డ్రమ్ము ఒక్కటే ఉంటే గాలి ఒక్కో దిక్కు నుంచి మారుతూ వస్తుంది. రెండూ కలిపి ఉంటే ఇంకా ప్రమాదం. రాత్రయితే అవే ఆకారాల్లో లాంతర్లు. చదువు అక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు, ఏ దేశపు నావికుడైనా దూరం నుంచి చూసి తెలుసుకోగలడు. జెండా కాకుండా కోన్, డ్రమ్ము ఎందుకంటే, వాటిని ఏ వైపు నుంచి చూసినా అదే ఆకారం, గాలి లేకపోయినా వేలాడిపోదు. ఇంతకన్నా మంచి యూజర్ ఇంటర్‌ఫేస్ నేను చూడలేదు.

మొదటి తుపాను హెచ్చరిక 1861 ఫిబ్రవరి 6న వెళ్ళింది. అదే ఏడాది ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో మామూలు జనం కోసం వాతావరణ అంచనా మొదటిసారి అచ్చయింది. అందులో తుపాను ఏమీ లేదు, గాలి ఓ మోస్తరుగా ఉంటుంది, వాతావరణం బాగుంటుంది అని మాత్రం ఉంది. ఫోర్‌కాస్ట్ అనే మాటని వాతావరణానికి వాడింది ఈయనే. జోస్యం అనే మాట కావాలనే వద్దనుకున్నాడు. తను చెప్పేది శాస్త్రం ప్రకారం వేసిన అంచనా, తప్పొచ్చు కూడా అని తెలియాలని ఆయన ఉద్దేశం. విక్టోరియా రాణి కూడా వైట్ ద్వీపానికి సముద్రం దాటే ముందు ఆయన ఇంటికి మనిషిని పంపి కనుక్కునేది.

జనం మాత్రం దాన్ని జోస్యంగానే తీసుకున్నారు. అంచనా నిజమైన రోజు ఎవరూ మాట్లాడలేదు. తప్పిన రోజు నవ్వారు. అచ్చేసిన పత్రికే ఎగతాళి చేసింది. పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి. గాలి ఎందుకు మారుతుందో గణితంలో చూపించలేని మనిషి రేపటి గురించి ఎలా చెప్తాడని శాస్త్రవేత్తలు అన్నారు. అందులో నిజం లేకపోలేదు. చేతిలో కొన్ని టెలిగ్రాములు, ఏళ్ళ అనుభవం తప్ప ఆయన దగ్గర సమీకరణాలు లేవు. చేపల పడవల యజమానులకి ఇంకో బాధ. కోన్ ఎగిరితే కూలీలు పడవ ఎక్కరు, ఆ రోజు సంపాదన పోతుంది. తుపాను రాకపోతే ఆ నష్టం ఎవరిస్తారు?

మా అమ్మమ్మ చెప్పింది కూడా ఇదే కదా అనిపించింది ఇక్కడికి వచ్చేసరికి. మెషీన్ లెర్నింగ్ క్లాసులో ఫాల్స్ పాజిటివ్ అంటే పట్టికలో ఒక గడి. ఒడ్డున ఉన్నవాడికి అది ఒక పూట కూలి. అలాంటివి నాలుగు అయ్యాక ఐదోసారి వచ్చిన నిజం హెచ్చరికని కూడా వదిలేస్తారు. అలాగని భయపడి చెప్పకుండా ఉంటే రాయల్ చార్టర్. ఈ రెండింటి మధ్య ఫిట్జ్‌రాయ్ ప్రతి పొద్దునా పదింటి నుంచి పదకొండు లోపు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ గంట ఎలా గడిచేదో ఊహిస్తేనే నాకు ఊపిరాడదు.

ఆయన అలిసిపోయాడు. చెవులు సరిగా వినపడటం లేదు, నిద్ర లేదు. గవర్నర్‌గా, కెప్టెన్‌గా ప్రజల పనులకి సొంత డబ్బు పెట్టడం వల్ల ఆస్తి కరిగిపోయింది. దాని మీద మరో బరువు కూడా ఉంది. ఆయనది బైబిల్‌ని అక్షరాలా నమ్మే మనసు. తను ఓడ ఎక్కించుకున్న మనిషి రాసిన పుస్తకం ఆ నమ్మకాన్నే కదిలించింది. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ సిద్ధాంతం మీద జరిగిన ప్రసిద్ధ చర్చలో ఆయన లేచి బైబిల్ ఎత్తి పట్టుకున్నాడు. నిజానికి ఆయన ఆ సభకి వచ్చింది తుపాన్ల మీద పేపర్ చదవడానికి. చరిత్రకి బైబిలే గుర్తుంది, తుపాన్ల పేపర్ గుర్తులేదు.

1865 ఏప్రిల్ 30, ఆదివారం పొద్దున, యాభై తొమ్మిదేళ్ళ వయసులో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇంట్లో భార్య, పిల్లలు ఉన్నారు. ఇరవై ఆరేళ్ళప్పుడు తనకి మాట్లాడే మనిషి కావాలని తెలుసుకుని, సిగ్గుపడకుండా అడిగి తెచ్చుకున్నవాడు చివర్లో ఆ మాట ఎవరితోనూ అనలేకపోయాడా అని నాకు చాలా బాధేసింది. చనిపోయాక చూస్తే అప్పులే మిగిలాయి. కుటుంబం కోసం స్నేహితులు చందాలు పోగు చేశారు. డార్విన్ వంద పౌండ్లు ఇచ్చాడు.

తర్వాత ఏం జరిగిందో చెప్పాలి. ఆయన పనిని పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. దాన్ని నడిపింది ఫ్రాన్సిస్ గాల్టన్, డార్విన్‌కి బంధువే. అంచనాలకి శాస్త్రీయ ఆధారం చాలదని కమిటీ తేల్చింది. 1866లో పత్రికల్లో అంచనాలు ఆగిపోయాయి. ఏడాది చివరికి రేవుల్లో తుపాను హెచ్చరికలు కూడా ఆపేశారు. అప్పుడు అడిగింది శాస్త్రవేత్తలు కాదు. మా కోన్లు మాకు కావాలని తీరం నుంచి గొడవ మొదలైంది. తప్పులు ఉన్నా అవి ఉంటేనే మేలని సముద్రం మీద బతికేవాళ్ళు తేల్చుకున్నారు. ఏడాది తిరిగేలోపు, 1867లో, తుపాను హెచ్చరికలు మళ్ళీ మొదలయ్యాయి. జనానికి చెప్పే అంచనాలు రావడానికి మాత్రం 1879 దాకా పట్టింది. 1875లో టైమ్స్‌లో మొట్టమొదటి వాతావరణ పటం వేసింది ఎవరో తెలుసా? అదే గాల్టన్.

ఆయన బతికి ఉండగా ఈ గొడవ చూసి ఉంటే బావుండేదనిపిస్తుంది. 2002లో బ్రిటన్ వాళ్ళు సముద్ర వాతావరణ వార్తల్లో ఫినిస్టేర్ అని పిలిచే ప్రాంతానికి ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చారు. ఇప్పుడు రోజూ రేడియోలో ఆ పేరు వినిపిస్తుంది.

మనకి సంబంధించిన ముక్క కూడా ఇందులో ఉంది. తుపాన్లకి సైక్లోన్ అని పేరు పెట్టింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. ఆయన కూడా బంగాళాఖాతంలో తిరిగే ఓడల లాగ్‌బుక్కులు కలిపే తుపాన్లని చదివాడు. మన కోరంగి రేవుని ముంచిన ఉప్పెనల గురించి కూడా రాశాడు. ఫిట్జ్‌రాయ్ చనిపోవడానికి కొన్ని నెలల ముందు, 1864 అక్టోబరు 5న, కలకత్తాని పెను తుపాను కొట్టింది. నెల తిరక్కుండానే నవంబరు 1న బందరు ఉప్పెన వచ్చింది. బందరులో సుమారు 30 వేల మంది పోయారు. ఆ దెబ్బతో 1865లో కలకత్తా రేవుకి తుపాను హెచ్చరికలు మొదలుపెట్టారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1898లో దేశంలో అన్ని రేవులకీ ఒకే రకం సిగ్నళ్ళు వచ్చాయి.

టీవీలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అని విన్నప్పుడల్లా అదేదో స్కోర్ అనుకునేవాణ్ణి. అది రేవు స్తంభం మీద ఎగరేసే సిగ్నల్ నంబరు. పగలు కోన్లు, సిలిండర్లు, రాత్రి ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. మన కాకినాడ, విశాఖ, మచిలీపట్నం రేవుల్లో వినిపించే ఆ నంబర్ల వెనక ఉన్నది ఫిట్జ్‌రాయ్ ఎగరేసిన నల్ల గుడ్డే.

ఆ నంబర్ల పట్టిక చదువుతుంటే పది తర్వాత ఇంకొకటి కనిపించింది. పది అంటే అతి పెద్ద ప్రమాదం, తీవ్ర తుపాను రేవు మీదుగానో దగ్గరగానో దాటుతుందని. మరి పదకొండు? వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చూస్తే ప్రమాదంగా ఉందని రేవు అధికారి అనుకుంటున్నాడు. అంతే. తీగ తెగిపోవడం కూడా ఒక హెచ్చరికే అని దీన్ని తయారు చేసినవాళ్ళు ముందే రాసి పెట్టుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. అయినా ప్రాణనష్టం తక్కువగా ఉందంటే, తీగలు తెగకముందే జనాన్ని తరలించడం వల్లే.

మా వైట్‌బోర్డు బొమ్మ మళ్ళీ గీశాం. ఈసారి కుడి చివర నుంచి మొదలుపెట్టాం. ముందు ఊళ్ళో మనుషులు, వాళ్ళు ఎవరి మాట వింటారు, మైకు ఎక్కడుంది, రేవు దగ్గర ముందుగా ఎవరు ఉంటారు. ఈసారి అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగి ఆ డబ్బాలు నింపాం. రేడియో మాటని ఎవరూ పట్టించుకోలేదు కానీ, కరణం గారో బడి మాస్టారో ఇంటింటికీ వచ్చి చెప్పి ఉంటే కదిలేవాళ్ళమేమో అంది. సర్వర్ అన్నిటికన్నా చివర గీశాం. దాని పక్కన పదకొండు అని అంకె వేసి ఒక ఖాళీ డబ్బా పెట్టాం. మాతో సంబంధాలు తెగిపోతే ఊళ్ళో ఎవరు ఏం చెయ్యాలన్నది అందులో రాయాలి. అది ఇంకా సగమే అయ్యింది. మీలో తీరం ఊళ్ళ వాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి మా ల్యాబ్‌కి రండి, మార్కర్ ఇస్తాం.